గెయిన్‌తో సర్దాలా, ఫేడర్‌తో సర్దాలా? మా నవమి కచేరీ సంగతి విని చెప్పండి

యశవంతపుర వాలంటీరు:
మా అపార్ట్‌మెంట్ తెలుగు సంఘం తరఫున క్లబ్‌హౌస్‌లో శ్రీరామనవమి కచేరీ పెట్టుకున్నాం. నవమికి బెంగళూరులో ఏ వీధికెళ్లినా పానకం, కోసంబరి, పాట. చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో జరిగేదాని ముందు మాది పిల్లకాలువే అనుకోండి, 120 కుర్చీలు. సంఘానికి సొంతంగా మైకుల సౌండ్ కలిపి సర్దే 12 ఛానళ్ల అనలాగ్ మిక్సర్ ఉంది. సాఫ్ట్‌వేర్ వాడివి కదా అని దాన్ని నాకు అంటగట్టారు.

ఒకాయన చెప్పారు: ఫేడర్లన్నీ (పైకీ కిందికీ జరిపే మీటలు) 0 గీత దగ్గర పెట్టు, ఎవరి సౌండ్ ఎంత కావాలో పైనున్న గెయిన్ నాబ్‌తో (మైకు నుంచి వచ్చేదాన్ని మొదట పెంచేది) సర్దు. ఇంకొకాయన: పీఎఫ్ఎల్ గుండీ (ఫేడర్‌కి ముందున్న సౌండ్‌ని మీటర్‌లో చూపించేది) నొక్కి మీటర్ 0 దాకా వచ్చేలా గెయిన్ పెట్టు, దాన్ని ఇక ముట్టుకోకు, మిగతాదంతా ఫేడర్‌తోనే చెయ్యి.

రెండో పద్ధతి పట్టుకున్నాను. ఫేడర్లన్నీ అట్టడుగున, 0 గీత కింద 25, 30 దగ్గర కూర్చున్నాయి. వేలు కాస్త కదిలితే గాత్రం ఒక్కసారిగా మీదకొచ్చేది. విసుగొచ్చి సగం కచేరీలో మొదటి పద్ధతికి మారుదామని గెయిన్ తిప్పాను. గాయని పాట ఆపకుండానే నా వైపు ఒక చూపు చూశారు. ఆ చూపు ఇంకా మర్చిపోలేదు. ఇద్దరిలో ఎవరిది సరి?

పాత టేపు:
తమ్ముడూ, ముప్పై ఏళ్లుగా మైక్ సెట్లు మోశాను. ఫేడర్ 0 దగ్గరే ఉండాలి. ఎందుకో నీ మిక్సర్ బోర్డు మీద గీతలే చెబుతాయి. 0 నుంచి 10 దాకా బొటనవేలు పట్టేంత చోటుంది. 40 నుంచి 60 దాకా గోరంత. కింద ఒక మిల్లీమీటరు జరిగితే ఎన్ని డీబీలు (సౌండ్ కొలిచే డెసిబెల్స్) పోతాయో నీకే తెలీదు, పైన అయితే చెయ్యి వణికినా ఫరవాలేదు. పూజ మధ్యలో పంతులుగారి మైకు తగ్గించావనుకో, మళ్లీ మంత్రం మొదలయ్యేసరికి చూడకుండా 0కి తోసేయొచ్చు. గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు.

సర్క్యూట్ బాబాయ్:
అన్నా, గీతల సంగతి ఒప్పుకుంటాను. కానీ గెయిన్ ఉన్నది హాల్లో సౌండ్ పెంచడానికి కాదు. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. బోర్డు లోపల పని జరగాల్సింది ఒక వోల్టు చుట్టుపక్కల. మీటర్‌లో 0 అంటే చాలా బోర్డుల్లో 0.775 వోల్టో, 1.23 వోల్టో ఉంటుంది. ఆ కొన్ని వందల రెట్లూ పెంచే పని మొదటి మెట్టులోనే, అంటే గెయిన్ నాబ్ దగ్గరే, అయిపోవాలి. అక్కడ పిసినారితనం చేసి తర్వాత పెంచితే, మధ్యలో సర్క్యూట్ కలిపిన 'స్‌స్' శబ్దం కూడా పాటతో పాటే పెరుగుతుంది.

ఎక్కువ పెట్టినా ముప్పే. ఎర్ర లైటు వెలిగిందంటే ఛానల్ మొదట్లోనే పాట చిట్లుతోందని. అప్పుడు ఫేడర్ దించితే చిట్లిన పాటే చిన్నగా వినిపిస్తుంది, పాలు పొంగిపోయాక మంట తగ్గించినట్టు. 0 పైన ఇంకో 20 డీబీల దాకా చోటుంటుంది, వోల్టుల్లో అది పది రెట్లు. మృదంగం దెబ్బ పడినప్పుడు ఆ చోటే కాపాడుతుంది. అందుకే మీటర్ చూసి గెయిన్ పెట్టడం, అంతే.

పాత టేపు:
వోల్టులు సరే బాబాయ్. గెయిన్ పెంచితే మైకు కూస్తుంది, దానికేమంటావు? మైకు దూరం దాకా లాగుతుంది. వెనక వరసలో పిల్లాడు ఏడ్చినా పట్టేస్తుంది. నేను కళ్లారా చూసింది.

సర్క్యూట్ బాబాయ్:
ఈ మాట ఎస్పీ రోడ్డులో (బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు) మిక్సర్ కొన్న రోజు నుంచీ వింటున్నాను. మైకు ఎటు వింటుంది, ఎంత దూరం వింటుంది అన్నది మైకు తయారీలో ఉంది, దాన్ని పట్టుకున్న దూరంలో ఉంది. నాబ్‌కి ఆ శక్తి లేదు. గెయిన్ 10 డీబీ పెంచి ఫేడర్ 10 డీబీ దించండి, స్పీకర్ బాక్సులోంచి వచ్చేది అంతే. పిల్లాడి ఏడుపు అంతే, కూత అంతే. మైకు, బోర్డు, బాక్సు, మళ్లీ మైకు, ఈ చుట్టు మొత్తం మీద ఎంత పెరిగిందన్నదే కూతకి లెక్క. ఆ పెంపు ఏ నాబ్‌తో వచ్చిందో చుట్టుకి తెలీదు.

తంబూర శ్రుతి:
నేను పాడేదాన్ని. ఇద్దరూ హాలు గురించే మాట్లాడుతున్నారు, స్టేజీ మీద మా ముందుండే మానిటర్ బాక్సు ఎవరికీ గుర్తు రాలేదు. దానికి సౌండ్ వెళ్లేది ఆక్స్ నాబ్ నుంచి. దాన్ని మామూలుగా 'ప్రీ'లో పెడతారు, అంటే ఫేడర్‌కి ముందే తీసుకుంటుంది. మీరు ఫేడర్ ఎంత జరిపినా నాకు తేడా తెలీదు, హాయిగా పాడుకుంటాను. గెయిన్ మాత్రం దానికంటే ముందుంది. అది కదిలితే నా గొంతు నాకే ఒక్కసారిగా అరిచినట్టో, మాయమైనట్టో ఉంటుంది. శ్రుతి పట్టు జారిపోతుంది. ఆ గాయని ఎందుకు చూశారో ఇప్పుడు అర్థమైందా వాలంటీరు గారూ?

బాబాయ్ గారూ, మీ లెక్కలో కూడా ఇక్కడే తేడా ఉంది. గెయిన్ 10 పెంచి ఫేడర్ 10 దించితే హాలు బాక్సు మారదు, నిజమే. నా మానిటర్ మాత్రం 10 డీబీ పెరిగింది! నా మైకుకి అడుగు దూరంలో ఉన్నది అదే. కూసేది కూడా అదే.

పాత టేపు:
అమ్మా, నా ముప్పై ఏళ్లు నిలబెట్టావు. గెయిన్ పెంచితే కూస్తుందన్నానా లేదా?

సర్క్యూట్ బాబాయ్:
కూసింది నిజం, కారణం మీరు చెప్పింది కాదు అన్నా! సరే, మానిటర్ వదిలేసి మాట్లాడాను, తప్పు నాదే. కానీ అమ్మాయి చెప్పింది విన్నాక ఒకటి ఖాయం: గెయిన్ మీటర్ చూసి పెట్టినా, చెవితో పెట్టినా, కచేరీ మొదలయ్యాక ముట్టుకోకూడదు.

వాలంటీరు తమ్ముడిని ఒకటి అడగాలి. మీటర్ 0 చూపిస్తుంటే ఫేడర్ 25కి దించాల్సి రావడమే నాకు అనుమానంగా ఉంది. 120 కుర్చీల హాలుకి అంత తేడా రాకూడదు. మీ బాక్సుల వెనక లెవెల్ నాబ్ ఎక్కడుంది?

యశవంతపుర వాలంటీరు:
చూసొచ్చాను. రెండూ ఫుల్! వినాయక చవితికి ఆరుబయట పెట్టినప్పుడు అలా తిప్పారట, అప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. మెయిన్ ఫేడర్‌ని కాస్త దించితే సరిపోదా?

సర్క్యూట్ బాబాయ్:
హాలు సౌండ్ తగ్గుతుంది, బాక్సు నుంచి వచ్చే 'స్‌స్' తగ్గదు. బోర్డు చివరి మెట్టులో పుట్టే రొద, బాక్సు సొంత రొద మెయిన్ ఫేడర్ తర్వాత వస్తాయి. బాక్సుల దగ్గరే దించు.

యశవంతపుర వాలంటీరు:
ఆదివారం భజనకి చేశాను. ముందు పీఎఫ్ఎల్‌లో ఒక్కొక్కరి చేతా గట్టిగా పాడించి గెయిన్ పెట్టాను. మెల్లగా 'హలో హలో' అని, పాటలో రెట్టింపు గొంతు తీసే పెద్దాయన ఒకరున్నారు, ఆయన చేత చరణం పాడించాను. మెయిన్ 0, గాత్రం ఫేడర్ 0, అప్పుడు బాక్సుల నాబ్ హాలుకి సరిపడేదాకా తిప్పాను. సగం దగ్గర ఆగింది. పాటకీ పాటకీ మధ్య వినపడే రొద దాదాపు పోయింది. గాత్రాలు 0 నుంచి 5 లోపలే తిరిగాయి. మృదంగం ఒక్కటి 15 దగ్గర ఉంది.

పాత టేపు:
అదేమిటి, దాన్ని కూడా 0కి తేవాలి. దాని గెయిన్ తగ్గించు.

తంబూర శ్రుతి:
ఎందుకండీ? ఆ హాల్లో మృదంగం మైకు లేకుండానే సగం వినిపిస్తుంది. ఫేడర్ కింద ఉంటే ఏం పోయింది? వరస అందంగా కనిపించాలనా?

పాత టేపు:
చీకట్లో చెయ్యి వెతుక్కోకుండా ఉండాలని తల్లీ. నువ్వు స్టేజీ మీద ఉంటావు, నేను మూలన కూర్చుంటాను. నేనైతే మృదంగానికి గెయిన్ 10 డీబీ తగ్గించి ఫేడర్ 5 దగ్గరకి తెస్తాను. అంత గట్టి వాయిద్యానికి ఆ కాస్త రొద వినపడితే అప్పుడు చెప్పండి.

సర్క్యూట్ బాబాయ్:
వినపడదు. ఇది మాత్రం ఒప్పుకుంటున్నాను.

యశవంతపుర వాలంటీరు:
గాత్రాల ఛానళ్లలో 80 హెర్ట్జ్ అని రాసిన లోకట్ గుండీ (బాగా కింది స్థాయి శబ్దాలు కోసేది) కూడా నొక్కాను, మైకు స్టాండ్‌కి కాలు తగిలినప్పుడు వచ్చే 'దబ్' తగ్గింది. మృదంగానికి నొక్కాలా వద్దా?

పాత టేపు:
వద్దు. తొప్పి (మృదంగం ఎడమ వైపు) గుమ్మనడం పోతుంది.

సర్క్యూట్ బాబాయ్:
అంత తొందరగా 'వద్దు' అనకన్నా. ముందు ఆ మైకు తొప్పికి ఎంత దగ్గరగా పెట్టారో చెప్పనీ.