మాడు మీద జిడ్డు పొలుసులు: కుంకుడుకాయా, మందు షాంపూనా?

ప్రశ్న (రాజమండ్రి కోడలు):
మా వారికి చుండ్రే కదా అనుకున్నది ఇప్పుడు కనుబొమల్లోకి, ముక్కు పక్కలకి, చెవుల వెనక్కి దిగింది. పసుపుపచ్చటి జిడ్డు పొలుసులు, గోకితే కింద ఎర్రటి చర్మం. చర్మవైద్యురాలు సెబోరిక్ డెర్మటైటిస్ అని చెప్పి 2 శాతం కీటోకొనజోల్ షాంపూ రాశారు. మా అత్తగారేమో "ఆ రసాయనం పోస్తే ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడతాయి" అంటూ ప్రతి ఆదివారం కొడుకు మాడుకు కొబ్బరినూనె మర్దనా చేసి, కుంకుడు రసంతో తలంటుతున్నారు. ఆ పూటకు హాయి. మంగళవారానికల్లా మళ్లీ గోకుడే. షాంపూ సీసా మూత కూడా తీయలేదు. ఏం చేయమంటారు?

జవాబు (మందుల షాపు మాస్టారు):
అమ్మా, కుంకుడుకాయతో పేచీ లేదు, ముందు పట్టించే నూనెతోనే. ఈ పొలుసుల వెనక మలసీజియా అనే శిలీంధ్రం ఉంటుంది. అందరి మాడు మీదా ఉండేదే, కొవ్వు తిని బతుకుతుంది. కొందరి చర్మం దానికి తట్టుకోలేక ఎర్రబడుతుంది. కుంకుడు జిడ్డు వదిలిస్తుంది, పొలుసు రాలుస్తుంది, అంతవరకే. శిలీంధ్రాన్ని అణిచేది కీటోకొనజోల్. చాలామంది ఇలా పోసి అలా కడిగేసుకుని, పని చేయలేదని సీసా పట్టుకుని నా మీదికి వస్తారు! జుట్టుకు కాదు, మాడుకు అంటేలా రాసి 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలి. వారానికి 2 సార్లు, 2 నుంచి 4 వారాలు. తగ్గాక కూడా వారానికో రెండు వారాలకో ఒకసారి, లేకపోతే తిరిగి వస్తుంది.

జవాబు (లేబుళ్లు చదివేవాడు):
రసాయనం వద్దని మూలికల షాంపూ కొనేముందు, వేపాకు బొమ్మ ఉన్న ఆ సీసా వెనక్కి తిప్పి చూడండి. నురగ కోసం చాలావాటిలో అదే సోడియం లారెత్ సల్ఫేట్, పైగా సువాసన. మొక్కల సరుకులో పరీక్షకు కాస్త నిలబడింది టీ ట్రీ నూనె (మన తేయాకుది కాదు, టీ ట్రీ అనే వేరే చెట్టు ఆకుల నూనె). 2002లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో 126 మంది పాల్గొన్నారు. 4 వారాల్లో 5 శాతం టీ ట్రీ షాంపూతో చుండ్రు 41 శాతం తగ్గింది, అది లేని షాంపూతో 11 శాతం. అయితే అది ఓ మోస్తరు చుండ్రు సంగతి. కనుబొమల దాకా పాకినదానికి నేనైతే దాన్ని నమ్ముకోను.

రాజమండ్రి కోడలు:
అత్తగారికి చదివి వినిపించాను. నూనె జుట్టు కొసలకే రాస్తానన్నారు, కుంకుళ్లు మాత్రం మాననన్నారు. షాంపూ లేని రోజున పోయవచ్చా?

మందుల షాపు మాస్టారు:
మంట లేకపోతే పోయనివ్వండి. గోకి పుండు పడిన చోట మాత్రం కుంకుడూ వద్దు, నిమ్మరసమూ వద్దు. నెలకీ తగ్గకపోయినా, మోచేతుల మీద వెండి రంగు మందపాటి పొలుసులు కనిపించినా మళ్లీ డాక్టరుకు చూపించండి, సోరియాసిస్ కావచ్చు.