నోనోగ్రామ్ స్టిచ్ అలాంగ్: జవాబు చార్టు కూడా ఇవ్వాలా, వద్దా?

సూదిమొన: సంక్రాంతికి మొదలయ్యే మన క్రాస్ స్టిచ్ స్టిచ్ అలాంగ్ (అందరం ఒకే డిజైన్ ఒకేసారి కుట్టడం) సంగతి. ఈసారి చార్టు, అంటే ఏ గడిలో కుట్టాలో చూపే గళ్ల కాగితం, లేదు. వారం వారం శుక్రవారం ఒక నోనోగ్రామ్ ఇస్తాం. అడ్డం 20, నిలువు 20 గళ్లు, అంచుల్లో ఆ వరుసలో పక్కపక్కనే ఎన్నేసి గళ్లు నిండాలో చెప్పే అంకెలు. ఏ గళ్లు నిండాలో అంకెల్ని బట్టి తేల్చుకుని కుట్టాలి. బొమ్మేమిటో ముందు చెప్పం. అయితే పజిల్స్ అలవాటు లేనివాళ్లు చార్టు కూడా పెట్టమంటున్నారు. మీరేమంటారు?

గళ్లపిచ్చి: పెట్టేమాటైతే పజిల్ ఎందుకండీ? నాన్ ఇషిదా అనే జపాన్ గ్రాఫిక్స్ ఎడిటర్ 1987లో టోక్యోలో పెద్ద పెద్ద బిల్డింగుల కిటికీల్లో లైట్లు వేసి, ఆర్పి బొమ్మలు చూపించి పోటీ గెలిచారు. ఈ ఆట అందులోంచే వచ్చింది. అసలు పుట్టిందే గళ్లలో, క్రాస్ స్టిచ్‌కి ఇంతకన్నా ఏం కావాలి? కష్టమూ కాదు. వరుసలో 10 గళ్లుండి పక్కన 8 అని ఉందనుకోండి. ఆ ఎనిమిదీ ఎటు జరిగినా 3వ గడి నుంచి 8వ గడి దాకా నిండాల్సిందే. ఆ ఆరు గళ్లూ ధైర్యంగా కుట్టేయొచ్చు.

పాతలచ్చి: కుట్టేసి, గుడ్డ వెనక్కి తిప్పి చూడండి. పజిల్ తేలే వరుస వేరు, సూది నడిచే వరుస వేరు. పైన ఆరు గళ్లు తేలాక తర్వాతి గడి ఎక్కడో అడుగున తేలుతుంది. తెల్ల గుడ్డ వెనక నల్ల దారం అంత దూరం లాగితే ముందువైపు గీతలా కనిపిస్తుంది. పోనీ ప్రతిసారీ తెంపి కొసలు దోపుకుంటూ పోతే లచ్చిలో చాలా దారం చెత్తబుట్టకే. లెక్క ఒక్క గడి తప్పిందా, విప్పదీసిన చోట నూగు మిగులుతుంది. అందుకని ఎవరైనా కాగితం మీద పెన్సిల్‌తో మొత్తం నింపుకుని, అది చూసే కుడతారు. అది చార్టు కాక మరేమిటి? మీరు చేసుకున్న చార్టు మీ దగ్గర ఉండొచ్చు గానీ, పక్కావిడకి చేసింది ఇస్తే తప్పా? ఆవిడ వచ్చేది కుట్టడానికమ్మా, పరీక్ష రాయడానికి కాదు.

గళ్లపిచ్చి: కాగితం ఎందుకక్కా, నీళ్లకి పోయే పెన్నుతో గుడ్డ మీదే చుక్కలు పెట్టుకోవచ్చుగా.

పాతలచ్చి: కడగకుండా ఇస్త్రీ పెట్టి చూడు, ఆ మరక పోతే నన్నడుగు.

వెనకకుట్టు: చార్టు సంగతి అలా ఉంచి, ఒక్కో పజిల్‌కి ఒకటే జవాబుందో లేదో ఎవరైనా చూశారా? రెండు అడ్డం, రెండు నిలువు గళ్లకి అన్ని పక్కలా 1 అనే ఉంటే ఐమూలగా ఇటూ నింపొచ్చు, అటూ నింపొచ్చు. పూల డిజైన్లలో, చెక్స్‌లో ఇలాంటివి సులువుగా దూరిపోతాయి. అప్పుడు ఇద్దరూ సరిగ్గానే చేసినా రెండు రకాల బొమ్మలొస్తాయి.

సూదిమొన: మంచి మాట. ప్రతి పజిల్‌నీ ముందు ఇద్దరం విడివిడిగా చేసి చూసి ఇస్తాం. చార్టు పెడతాం, కానీ బుధవారం. అప్పటిదాకా ఎవరూ బొమ్మ బయటపెట్టొద్దు.

గళ్లపిచ్చి: మరి శుక్రవారం నుంచి బుధవారం దాకా పాతలచ్చి గారేం చేస్తారట?

పాతలచ్చి: బార్డర్ కుడతాను. దాని చార్టు మాత్రం మొదటి రోజే పెట్టండి.