స్థాయిని బట్టి పాఠం: పిల్లలకు లాభమా, స్కూలుకు అదనపు ఫీజా?

ఏడో తరగతి అమ్మ: మా స్కూల్లో ట్యాబులిచ్చి, ఎవరి స్థాయికి తగ్గ లెక్కలు వాళ్లకిచ్చే సాఫ్ట్‌వేర్ పెడతారట. ఫీజు అదనం. మా అమ్మాయి భిన్నాల దగ్గరే ఆగిపోయింది. కట్టమంటారా?

లెక్కల మాస్టారు: కట్టొచ్చమ్మా. 2015లో ఢిల్లీలో, ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తోనే బడి అయ్యాక పాఠాలు చెప్పే మైండ్‌స్పార్క్ కేంద్రాల్లో సీట్లు లాటరీ తీసి ఇచ్చి, మొత్తం 619 మంది పిల్లల్ని గమనించారు. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. వాళ్ల స్థాయి నుంచే మొదలుపెడితే నాలుగున్నర నెలల్లోనే లెక్కలు, హిందీ రెండూ బాగా మెరుగయ్యాయి. సీటు రానివాళ్లలో బాగా వెనకబడ్డ పిల్లలు మాత్రం రోజూ బడికెళ్లినా దాదాపు ఉన్నచోటే ఉన్నారు.

విశాఖ నాన్న: మాస్టారూ, మిగతాదీ చెప్పండి. బడి పరీక్షల్లో లెక్కల మార్కులు చెప్పుకోదగ్గంత పెరగలేదు. పైగా ఆ కేంద్రాల్లో తొంభై నిమిషాల క్లాసులో సగమే కంప్యూటర్. మిగతా సగం చిన్న గుంపును కూర్చోబెట్టి మనిషే చెప్పాడు. ఈ స్కూలు ఆ మనిషిని కూడా ఇస్తుందా?

లెక్కల మాస్టారు: మనిషి సంగతి ఒప్పుకుంటాను. మార్కుల సంగతి ఒప్పుకోను. మూడో తరగతి స్థాయి పిల్లాడు నాలుగుకి ఎదిగితే, ఏడో తరగతి ప్రశ్నపత్రంలో అది ఎక్కడ కనబడుతుందండీ? ఆ పత్రానికి మూడో తరగతి స్థాయైనా, నాలుగో తరగతి స్థాయైనా సున్నాయే. అసలు ట్యాబు లేకుండానూ ఇది నడుస్తుంది. ప్రథమ్ సంస్థ తరగతి చూడకుండా, చదవగలిగే స్థాయిని బట్టి పిల్లల్ని గుంపులు చేసి ఏళ్లుగా చెబుతోంది.

ఇంటర్ బాధితుడు: మార్కుల్ని బట్టి సెక్షన్లు మా కాలేజీలోనూ చేశారు సార్. చివరి సెక్షన్లో పడ్డవాడు రెండేళ్లూ అక్కడే. టెన్షన్ తప్ప ఒరిగిందేమీ లేదు.

లెక్కల మాస్టారు: అది వడపోత తమ్ముడూ. అందరికీ అదే సిలబస్, అదే పరుగు. పిల్లాడు ఎక్కడ ఆగాడో ఎవరూ చూడలేదు.

ఏడో తరగతి అమ్మ: అయితే రేపు స్కూల్లో రెండే అడుగుతాను. ఆ సాఫ్ట్‌వేర్ నాలుగో తరగతి భిన్నాల దాకా వెనక్కి వెళ్లనిస్తుందా? ఆ పీరియడ్‌లో టీచర్ ఉంటారా?

విశాఖ నాన్న: మూడోది కూడా అడగండి. ఆ పీరియడ్ దేన్ని తీసేసి పెడుతున్నారు? మా దగ్గర ఆటల పీరియడ్ తీసేశారు.