బాబుకి హెర్నియా ఆపరేషన్: నడుము కింద ఇచ్చే మత్తు సూది గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

మా బాబుకి మూడేళ్ళు, 13 కిలోలు. కుడివైపు గజ్జల్లో హెర్నియా, వచ్చే గురువారం ఆపరేషన్. పూర్తిగా నిద్రపుచ్చాక పక్కకి తిప్పి, వెన్ను చివర, పిరుదుల పైభాగంలో 'కాడల్ బ్లాక్' అనే సూది ఇస్తామని మత్తు డాక్టర్ గారు చెప్పారు. బుపివకైన్ మందట. నాలుగు నుంచి ఆరు గంటలు నొప్పి తెలియదట, నిద్రపుచ్చడానికి ఇచ్చే మత్తు కూడా తక్కువ సరిపోతుందట. ఇక్కడిదాకా అర్థమైంది.

మా అమ్మ మాత్రం "నడుముకి సూదా? జన్మంతా నడుంనొప్పి" అని ఒకటే గోల. తనకి సిజేరియన్ అప్పటి అనుభవం లెండి. ఆవిడని పక్కన పెట్టినా నా టెన్షన్ నాకుంది.

పిల్లలకి ఇది చేయించినవాళ్ళు చెప్పండి: కాళ్ళు మొద్దుబారి నిలబడలేకపోతే ఎంతసేపటికి మామూలయ్యారు? మూత్రం ఆలస్యమైందా? అసలు భయం రాత్రి గురించే. అదే రోజు ఇంటికి పంపేస్తారు. సూది ప్రభావం దిగకముందే పారాసెటమాల్ మొదలుపెట్టమన్నారా, ఏడిచాక ఇమ్మన్నారా? గజ్జల దగ్గరే స్కానింగ్‌తో చూస్తూ ఇచ్చే బ్లాక్ ఎవరైనా ఎంచుకున్నారా?