రెండు రూక్‌లూ రాజుకి ఒకే పక్కన ఉంటే క్యాస్లింగ్ ఎలా?

నేనూ మా తమ్ముడూ వెనక వరసలో పావులు ఎవరికి నచ్చినట్టు వాళ్లం పేర్చుకుని చెస్ ఆడుతున్నాం. క్యాస్లింగ్‌కి (రాజునీ రూక్‌నీ, అంటే ఏనుగునీ, ఒకే ఎత్తులో కలిపి జరపడం) చెస్960 రూలే పెట్టుకున్నాం (అది వెనక వరస పావుల్ని 960 పొజిషన్లలో ఏదో ఒకలా పేర్చి ఆడే చెస్): 'హెచ్' నిలువు వరస వైపు చేస్తే రాజు జీకి, రూక్ ఎఫ్‌కి, 'ఏ' నిలువు వరస వైపు చేస్తే రాజు సీకి, రూక్ డీకి. కానీ ఆ 960 పొజిషన్లలో రాజు ఎప్పుడూ రూక్‌ల మధ్యే ఉంటాడు కదా, మాకు ఆ హామీ లేదు.

నిన్న నా రాజు బీ1లో, రూక్‌లు డీ1, జీ1లో ఉన్నాయి. జీ1 రూక్‌తో చేద్దామంటే మధ్యలో డీ1 రూక్ అడ్డం. డీ1 దాంతో చేద్దామంటే రాజు దిగాల్సిన గడిలో రెండోది కూర్చుంది! అడ్డం తీసి తర్వాత చేస్తానంటే మావాడు ఒకటే గొడవ.

రాజు మధ్యలో లేకపోతే క్యాస్లింగే వద్దనాలా, దగ్గరి రూక్‌తోనే అనాలా? ఇలా ఆడినవాళ్లు ఎవరైనా చెప్పండి, ఆట అక్కడే ఆగిపోయింది.