దోనె అంటే పడవా, తొట్టా?

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మగారి ఊరు కొల్లేరు పక్కన. పశువుల పాకలో గోడవారగా ఒక తాటి మాను ఉంది. రెండు బారల పొడవు, లోపలంతా తొలిచేసి ఉంటుంది. అమ్మమ్మ దాన్ని దోనె అంటుంది. మావయ్యేమో "అది కుడితి తొట్టి, పడవేంటి?" అంటాడు. మొన్న పండక్కి దీని మీద పెద్ద వాదనే జరిగింది. దోనె అన్న మాటకి అసలు అర్థం ఏది? పనిలో పని, అది ఎన్నేళ్ల నాటిదో తెలుసుకునే దారి ఉందా?

* * *

ఇద్దరి మాటా నిజమేనండీ. దోనెకి చుట్టమైన సంస్కృత మాట ద్రోణి అంటే తొట్టి, పడవ కూడా. 'ద్రు' అంటే చెట్టు, కొయ్య. ఋగ్వేదంలో ద్రోణం సోమరసం పట్టే కొయ్య పాత్ర. రామాయణంలో భరతుడు మేనమామ ఇంటి నుంచి వచ్చేదాకా దశరథుడి దేహాన్ని తైలద్రోణిలో ఉంచారు. అక్కడ నూనె పడవ అని అర్థం చెబితే నవ్వుతారు. వానాకాలంలో టీవీలో వినే 'అల్పపీడన ద్రోణి' కూడా తొట్టే. తమిళంలో తోణి, కన్నడంలో దోణి, మాల్దీవుల్లో ధోని మాత్రం పడవలు. మాట సంస్కృతం నుంచి ఈ భాషల్లోకి వెళ్లిందా, వీటి నుంచి సంస్కృతంలోకి వచ్చిందా అన్న తగువు నా లెక్కలో ఇప్పట్లో తెగదు. హిందీ దోనా, మన విస్తరాకు పక్కన పెట్టే దొన్నె చూడండి, అదే ఆకారం ఆకుల్లోకి దిగింది.

* * *

మీ ఇంటి తగువే నెదర్లాండ్స్‌లోనూ జరిగింది! 1955లో పెస్సె అనే ఊరి దగ్గర రహదారి వేస్తుంటే తొలిచిన పైన్ మాను ఒకటి బయటపడింది. పొడవు 298 సెంటీమీటర్లు, వెడల్పు 44. కార్బన్ పరీక్షలో క్రీ.పూ. 8040 - 7510 మధ్యది అని తేలింది. ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికిన పడవల్లో అదే పాతది అంటారు. కానీ కొందరు ఒప్పుకోలేదు, అది పశువుల తొట్టి కావచ్చు అన్నారు. చివరికి 2001లో అచ్చం అలాంటిదే ఇంకొకటి చెక్కి, మనిషిని ఎక్కించి నీళ్లలో నడిపి చూశారు. చక్కగా నడిచింది. వాళ్ల భాషలో దోనె లాంటి మాట ఉంటే సగం గొడవ ఉండేది కాదేమో.

* * *

వయసు సంగతి నేను చెప్తాను. టేకు లాంటి మాను అయితే ఏటేటా పడే వలయాలు లెక్కపెట్టి, పాత కలపతో పోల్చి చూడొచ్చు. తాడికి ఆ వలయాలే ఉండవు. అడ్డంగా కోస్తే చుక్కలు చుక్కలుగా నార కనిపిస్తుంది, అంతే. అది తాడి అని గుర్తుపట్టడానికి ఆ చుక్కలు చాలు, వయసు మాత్రం చెప్పవు. ఇక కార్బన్ పరీక్ష. 1650 తర్వాతి కొయ్యకి అది ఒక్క తేదీ ఇవ్వదు, రెండు మూడు వేర్వేరు కాలాలు చూపిస్తుంది. పైగా చెప్పేది చెట్టు బతికిన కాలం, చెక్కిన ఏడాది కాదు. డబ్బు దండగ. దానికి బదులు అమ్మమ్మగారిని "దీన్ని ఎవరు చెక్కారు, మీ పెళ్లికి ముందా తర్వాతా?" అని అడగండి.

* * *

ఒక పక్కదారి. రెండు దోనెలు జంటగా కట్టిన దాన్ని సంగడి అంటారు కదా. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు పుస్తకం పెరిప్లస్, మన తూర్పు తీరంలో ఒంటి మానులతో చేసి కలిపి కట్టిన పెద్ద పడవలను 'సంగర' అంటారని రాసింది. దోనె కుళ్లిపోయినా మాట దాదాపు రెండు వేల ఏళ్లు మిగిలింది! స్నేహితుణ్ని సంగడీడు అనడం కూడా ఎంత బాగుందో.

* * *

అన్నట్టు, అది పడవో కాదో తెలిసే ఒక గుర్తు చూడండి. తాడి మొదలు ఉబ్బుగా ఉంటుంది. బెంగాల్లో డోంగాలనే తాటి పడవలకి ఆ ఉబ్బు కొసను మూసి ఉంచుతారు. రెండో కొస తెరుచుకుంటే బంకమట్టి మెత్తుతారు. మీ దానికి కొసలు ఎలా ఉన్నాయి?

* * *

ఇప్పుడే ఫోన్ చేసి చూడమన్నాను. ఒక కొస ఉబ్బుగా, మూసే ఉందట. రెండో కొసకి రేకు ముక్క పెట్టి మేకులు కొట్టారట. "పెళ్లయి వచ్చేటప్పటికి మట్టే ఉండేది, రేకు మీ మావయ్యే కొట్టాడు" అంది అమ్మమ్మ. మావయ్య ఫోన్ తీయడం లేదు.