అప్‌డేట్: అమ్మానాన్నలతో వైజాగ్ వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మతో మే నెలలో వైజాగ్‌లో ఏం చూడొచ్చని అడిగాను కదా, వెళ్లొచ్చామండీ. మీరన్నట్టే మధ్యాహ్నాలు గదిలోనే ఉండిపోయాం.

బీచ్‌లో మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామిలోంచి నాన్న ఓ పట్టాన బయటికి రాలేదు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. 91 మీటర్ల పొడవున్నా లోపల దారి బాగా ఇరుకు. గదికీ గదికీ మధ్య గుండ్రటి కంతలోంచి తల వంచి, కాలెత్తి దూరాలి. అమ్మకు కష్టమని ముందే చెప్పి మంచిపని చేశారు. తను బీచ్‌లో ముంత మసాలా తింటూ కూర్చుంది. సోమవారం మ్యూజియానికి సెలవు, చూసుకుని వెళ్లండి.

అమ్మకు నచ్చింది తొట్లకొండ, కొండమీది పాత బౌద్ధారామం. కారు పైదాకా వెళ్తుంది. బౌద్ధ భిక్షువుల కాలంలో రాతిలో తొలిచిన నీటితొట్లు చూసి "అందుకా ఆ పేరు!" అంది. సముద్రం వైపు తిరిగి అరగంట కదల్లేదు. సలహా ఇచ్చినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్.